కార్తీకమాసంలో అత్తగారితో జపాన్

ప్రశ్న: నవంబరులో నేనూ మావారూ మా అత్తగారూ కలిసి పది రోజులు జపాన్ వెళ్తున్నాం. మావారు ఇంతకుముందు ఆఫీసు పని మీద టోక్యో వెళ్ళి, ఉన్నన్నాళ్ళూ ఇండియన్ రెస్టారెంట్‌లోనే తిని వచ్చారు. "అక్కడ తినడానికేముంది, అన్నీ చప్పిడి" అంటారు. నాకేమో ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి తిండి తినాలని ఉంటుంది. టోక్యో, క్యోటో, ఒసాకా, హిరోషిమా, సప్పోరో అని ప్లాన్ వేసుకుని, ఒక్కో ఊళ్ళో పేరున్న హోటళ్ళు మొత్తం నలభై దాకా రాసుకున్నాను. మేమిద్దరం చేప, రొయ్య, కోడి తింటాం. గొడ్డు మాంసం, పంది మాంసం తినం. అత్తగారు పూర్తి శాకాహారి, పైగా కార్తీకమాసం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. ముగ్గురం ఒకచోట కూర్చుని తినే దారి ఉందా? ఆ లిస్టులో ఏవి ఉంచమంటారు, ఏవి తీసెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందు ఆ లిస్టు మొత్తం పక్కన పెట్టండి. అందులోవి మంచి హోటళ్ళే అయి ఉంటాయి, గొడవ వాటితో కాదు. సప్పోరో ఉత్తరాన ఉన్న హొక్కయిదో దీవిలో ఉంది, హిరోషిమా దేశానికి పడమటి వైపు. పది రోజుల్లో ఈ రెండింటి మధ్య ఐదు ఊళ్ళు చుట్టబెట్టాలంటే సగం భోజనాలు రైళ్ళలో, ఎయిర్‌పోర్టుల్లో అయిపోతాయి. మిగతా సగం ఇంటర్నెట్‌లో పేరు మోగిన హోటళ్ళ ముందు క్యూలో గడుస్తాయి. పెద్దావిడను వెంటబెట్టుకుని గంటన్నర నిలబడ్డాక లోపల అమృతం పోసినా తిన్నట్టుండదు.

జపాన్‌లో ఊరి తిండి ఆ ఊళ్ళో, దాని వేళకే దొరుకుతుంది. ఉదోన్ అనే లావాటి గోధుమ సేమ్యా అమ్మే కొట్టు పొద్దున తెరిచి, కలిపిన పిండి అయిపోగానే మూసేస్తారు. అది ఒంటిగంటకైనా సరే. గుడిలో రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నరకే పెట్టేస్తారు. ఆదివారం సంత ఆదివారమే. కాబట్టి హోటళ్ళను కాకుండా ఒక ప్రాంతాన్ని ఎంచుకోండి, ఆ ప్రాంతం తినే వేళకు మీరూ తినండి. నన్నడిగితే మీ ముగ్గురికీ సరిపోయేది సెటో లోపలి సముద్రం చుట్టుపక్కల ప్రాంతం. హోన్షు, షికోకు దీవుల మధ్య ఉన్న ప్రశాంతమైన సముద్రం అది. టోక్యో ఊసే వద్దు. సింగపూరో బ్యాంకాకో మీదుగా నేరుగా ఒసాకా దగ్గరి కన్సాయ్ ఎయిర్‌పోర్టులో దిగండి. ఒకటి రెండు రోజులు ఒసాకా, ఒక రాత్రి కోయసాన్ కొండ, అక్కణ్ణుంచి ఒకయామా మీదుగా షికోకులోని తకామత్సు, తర్వాత కోచి, చివర్లో హిరోషిమా, తిరిగి ఒసాకా. అన్నీ రైలు మీదే అయిపోతాయి. క్యోటో చూడకపోతే ఎలా అంటారా, ఒసాకా నుంచి రైల్లో అరగంట. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు.

అన్నిటికన్నా ముందు బుక్ చేసుకోవాల్సింది కోయసాన్‌లో గది. ఇది ముఖ్యంగా మీ అత్తగారి కోసం. ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి రైలు, ఆ తర్వాత కొండ మీదికి కేబుల్ కారు, మొత్తం రెండు గంటల ప్రయాణం. కూకాయ్ అనే బౌద్ధ గురువుకు 816లో చక్రవర్తి ఈ కొండను ఇచ్చాడు. ఇప్పటికీ అది గుళ్ళ ఊరే. యాభై దాకా గుళ్ళలో యాత్రికులకు గదులిస్తారు. ఆ గదితోపాటే రాత్రి భోజనం, పొద్దున టిఫిన్. ఆ వంటను షోజిన్ వంట అంటారు. మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి అసలే ఉండవు. చారు కోసం చేప పొడి బదులు కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షీటాకే పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్ళు వాడతారు. కార్తీకమాసం నియమాలు వాళ్ళకెవరో ముందే చెప్పారా అనిపిస్తుంది.

వీలైతే ఆ రాత్రి కార్తీక సోమవారం అయ్యేలా చూసుకోండి. నవంబరులో ఆ కొండ మీద ఐదు గంటలకల్లా పొద్దు గుంకుతుంది. ఆవిడ ఉపవాసం ఉన్నా, ఆకాశం మబ్బు పట్టకపోతే నక్షత్రాన్ని చూసుకుని వచ్చి ఐదున్నర, ఆరు గంటల భోజనానికి కూర్చోవచ్చు. చాపలు పరిచిన గదిలో పొట్టి కాళ్ళున్న ఎర్ర లక్క పీటల మీద చిన్న చిన్న గిన్నెలు పెట్టి తెస్తారు. ఒక గిన్నెలో గోమా దోఫు. పేరుకే తోఫు, అందులో సోయా ఉండదు. నువ్వులను మెత్తగా నూరి, కుజు అనే గడ్డ పిండితో కలిపి, పొయ్యి మీద ఆపకుండా తిప్పుతూ గట్టిపడేలా చేస్తారు. నాలుక మీద పెడితే ముందు చల్లగా తగిలి తర్వాత నువ్వుల కమ్మదనం వస్తుంది. ఇంకో గిన్నెలో కోయదోఫు. ఈ కొండ చలికి గడ్డకట్టించి, ఆరబెట్టి దాచుకున్న తోఫు అది. చారులో ఉడికిస్తే స్పాంజిలా రసమంతా పీల్చుకుని ఉంటుంది, కొరికితే నోట్లోకి వదులుతుంది. కూరగాయల తెంపురా (మన బజ్జీల్లాంటివి), ఊరగాయ ముక్కలు, అన్నం, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చారు. ఇవన్నీ మీవారు చప్పిడి అంటారు. అననివ్వండి, ఆ ఒక్క పూట ఆయన కోసం కాదు.

రెండు జాగ్రత్తలు. నేల మీద కూర్చోవడం ఆవిడకు కష్టమైతే కుర్చీ కావాలని బుకింగ్‌లోనే రాయండి, చాలా గుళ్ళు ఇస్తాయి. నవంబరులో అక్కడ చలి గట్టిగా ఉంటుంది. ఎనిమిది వందల మీటర్ల ఎత్తు, పాత చెక్క గదులు. స్వెట్టర్ ఒకటి ఎక్కువే పెట్టుకోండి. ఇంకో మాట, ఆవిడకు నచ్చుతుందని చెబుతున్నాను. ఆ కొండ మీది షింగోన్ సంప్రదాయం చెప్పుకునే ఎనిమిది మంది గురువుల వరసలో నాగార్జునుడి పేరూ ఉంది. దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి ఆయన ఆ విద్యను అందుకున్నాడని వాళ్ళ కథ. కృష్ణా తీరం నుంచి వెళ్ళినవాళ్ళకు ఇది వింటే కాస్త దగ్గరితనంగానే ఉంటుంది.

ఆ కూకాయ్ పుట్టింది షికోకు దీవిలోని కగావాలో. ఆ ప్రాంతం పాత పేరు సానుకి. చైనా వెళ్ళి చదువుకుని వచ్చేటప్పుడు ఉదోన్ విద్య కూడా ఆయనే తెచ్చాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అది కథే అనుకోండి. కానీ ఆయన 821లో అక్కడి మన్నో చెరువు కట్ట బాగుచేయించిన మాట చరిత్రే. కగావాలో వాన తక్కువ, పెద్ద నదులు లేవు. అందుకే ఆ చిన్న జిల్లాలో పదివేలకు పైగా చెరువులున్నాయి. అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. వరికి నీళ్ళు చాలని చోట గోధుమ వేశారు. తీరంలో ఉప్పు పండింది, పక్కనే షోదోషిమా దీవిలో సోయా సాస్ తయారైంది, ఇబుకి అనే చిన్న దీవి దగ్గర ఇరికో అనే చిన్న చేపలు పట్టి ఎండబెట్టారు. గోధుమ, ఉప్పు, సోయా, ఎండు చేప ఒక్కచోట చేరితే ఉదోన్ కాక ఇంకేమవుతుంది? ఇప్పుడు వాడే గోధుమలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాది అన్నది వేరే సంగతి. స్థానికంగా తయారుచేసుకున్న "సానుకి నో యుమే" అనే రకం కూడా ఉంది, అది వాడే కొట్లు బయట బోర్డు పెట్టుకుంటాయి.

ఒకయామా నుంచి తకామత్సుకు రైలు 1988లో కట్టిన సెటో పెద్ద వంతెన మీదుగా సముద్రం దాటుతుంది. గంట ప్రయాణం. రాత్రి తకామత్సులో పడుకుని, పొద్దున హోటల్ వాళ్ళ టిఫిన్ మానేసి ఉదోన్ కొట్టుకు వెళ్ళండి. సెల్ఫ్ సర్వీస్ కొట్టులో ఏం చేయాలో తెలియక కొత్తవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారు, అందుకే వరసగా చెబుతున్నాను. ట్రే తీసుకుని లైన్లో నిలబడండి. వంటావిడ ఎంత అని అడుగుతుంది. చిన్నది కావాలంటే "షో" అనండి, ఒక ఉండ సేమ్యా వస్తుంది. సేమ్యా అన్నానని సన్నగా ఊహించుకోకండి, బాగా లావుగా ఉంటుంది. గిన్నె మీ చేతికిస్తారు. పక్కనే మరిగే నీళ్ళ తొట్టి, జల్లెడ బుట్ట ఉంటాయి. సేమ్యాను బుట్టలో వేసి, వేడెక్కేదాకా కొద్దిసేపు ముంచి, నీళ్ళు విదిలించి మళ్ళీ గిన్నెలో వేసుకోవాలి. తర్వాత తెంపురాల బల్ల. చిలగడదుంప, గుడ్డు, చికువా అనే చేప పిండి గొట్టం, ఏది కావాలంటే అది పళ్ళెంలో పెట్టుకోండి. డబ్బులు కట్టాక, పెద్ద ట్యాంకుకు ఉన్న కొళాయి తిప్పి చారు మీరే పోసుకోవాలి. ఉల్లికాడలు, అల్లం తురుము, వేయించిన పిండి పలుకులు పక్కన గిన్నెల్లో ఉంటాయి. ఉత్త ఉదోన్ చాలా చోట్ల 300-400 యెన్‌లకు అటూ ఇటూగా వస్తుంది. పది నిమిషాల్లో తిని, గిన్నె తిరిగిచ్చి, లేచి రావాలి. సేమ్యాను చప్పుడు చేస్తూ జుర్రుకోవడం అక్కడ తప్పు కాదు. ఫొటోల కోసం గిన్నె చల్లార్చుకోవడమే తప్పు.

మరి అత్తగారు? కొళాయిలో చారు ఎండు చేపలదే, ఆవిడకు పనికిరాదు. కానీ సేమ్యాలో ఉన్నది పిండి, ఉప్పు, నీళ్ళు మాత్రమే. "కిజోయు ఉదోన్" అని అడగండి. ఉడికించి చల్లటి నీళ్ళలో కడిగిన సేమ్యా మీద సోయా సాస్ చుక్కలు, ముల్లంగి తురుము, నిమ్మజాతి కాయ పిండుకుని తినడం. బల్ల మీద రెండు సీసాలుంటే ఒకటి దాషి కలిపిన సోయా సాస్ అయి ఉండొచ్చు, అందులో చేప సారం ఉంటుంది. ఉత్త సోయా సాస్ ఏదో అడిగి పోసుకోవాలి. సేమ్యా ఎంత బాగుందో తెలుసుకోవాలంటే ఇదే సరైన తిండి అని అక్కడి పాతకాపులే అంటారు. కాబట్టి ఆవిడ సర్దుకుపోతున్నారని జాలిపడకండి. ఉల్లికాడలు వద్దని చెప్పడం మరిచిపోకండి.

దాషి గురించి ఇక్కడే చెప్పేస్తాను, మీ ప్రయాణంలో అసలు టెన్షన్ దానితోనే. ఎండు చేప, కొంబు ఉడికించి తీసే ఈ రసం జపాన్ వంటలో కంటికి కనబడకుండా అంతటా ఉంటుంది. కూరగాయల కూరలో, సోయా సాస్ ముంచుడులో, ఆఖరికి ఆమ్లెట్‌లో కూడా. "శాకాహారి" అని చెబితే మాంసం ముక్కలు ఉండకూడదని అర్థం చేసుకుంటారు, దాషి వాళ్ళ దృష్టిలో మాంసం కాదు. "షోజిన్ లాగా, సాకానా దాషి కూడా వద్దు" అంటే ఠక్కున అర్థమవుతుంది. సాకానా అంటే చేప. మీ ఇద్దరి కోసం గ్యూనికు అంటే గొడ్డు మాంసం, బుతానికు అంటే పంది, తోరినికు అంటే కోడి అని గుర్తుపెట్టుకోండి. ఒసాకా వైపు ఉత్త "నికు" అని రాసి ఉంటే అది సాధారణంగా గొడ్డు మాంసమే. "నికు ఉదోన్" జోలికి వెళ్ళకండి. ఉదోన్ కొట్లలో పుల్లలకు గుచ్చి ఉడికించే ఓదెన్ ఉంటుంది, అందులో "గ్యూసుజి" అన్నది గొడ్డు నరం. మీవారు కారం కోసం మొహం వాచి "కరీ" అన్న బోర్డు చూసి పరిగెత్తుతారేమో, అదీ ఆపండి. జపాన్ కరీ ముద్దల్లో చాలావాటిలో గొడ్డు కొవ్వో పంది కొవ్వో ఉంటుంది. మీరు తినేవీ తిననివీ జపనీస్‌లో ఒక కాగితం మీద రాయించుకుని, కూర్చోగానే చూపించండి. ఫోన్‌లో అనువాదం కన్నా కాగితం మేలు, వంటవాళ్ళు దాన్ని లోపలికి తీసుకెళ్ళి చదువుకుంటారు.

ఇక మీవారి వంతు. తకామత్సు నుంచి రైల్లో అరగంట దూరంలో మరుగమే అనే ఊరుంది. అక్కడి తిండి హోనెత్సుకిదోరి. ఎముకతో ఉన్న కోడి కాలు మొత్తాన్ని వెల్లుల్లి, మిరియాలు దట్టంగా పట్టించి ఓవెన్‌లో కాలుస్తారు. 1952లో అదే ఊళ్ళో మొదలైందని చెబుతారు. అడిగేది ఒక్కటే: "ఓయా"నా, "హినా"నా? హినా అంటే లేత కోడి, మెత్తగా ఊడివస్తుంది. ఓయా అంటే ముదురు కోడి, సాగుతుంది, పళ్ళతో పీకాల్సిందే, రుచి మాత్రం నమిలేకొద్దీ ఊరుతుంది. నాటుకోడి తిని పెరిగినవాళ్ళు ఓయా వదిలి హినా అడిగితే నేను ఒప్పుకోను. పళ్ళెంలో కారిన నెయ్యిలాంటి కొవ్వులో పచ్చి క్యాబేజీ ఆకులు అద్దుకుని తినాలి. అన్నం ఉండలు తెప్పించుకుని అందులో పొర్లించి తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు. జపాన్ తిండి చప్పిడి అన్న మాట ఆ రాత్రితో ఆగిపోవాలి. అప్పటికీ ఆగకపోతే ఆ పైన నా చేతుల్లో లేదు. ఆ పూట అత్తగారికి హోటల్ గదిలో భోజనం ఏర్పాటు చేసి వెళ్ళండి, ఆ వాసనలో ఆవిడను కూర్చోబెట్టడం భావ్యం కాదు.

ముగ్గురం ఒకచోట తినే దారి అన్నారు. ప్రతి పూటా సాధ్యం కాదు, కోరుకోవద్దు కూడా. కానీ కోచిలో సాధ్యమే. కేరళ కొచ్చి కాదు, షికోకు దక్షిణ తీరంలోని కోచి. తకామత్సు నుంచి రైలు రెండు గంటల పైచిలుకు. శనివారం రాత్రికి చేరుకునేలా చూసుకోండి. కోట నుంచి కిలోమీటరు పొడవునా ఆదివారం సంత జరుగుతుంది, మూడు వందల ఏళ్ళకు పైగా నడుస్తోంది. రైతులే కూర్చుని అమ్ముతారు. అల్లం, యుజు అనే నిమ్మజాతి కాయలు, చిలగడదుంపలు, ఇంట్లో పట్టిన ఊరగాయలు. అక్కడ ఇనాకా జుషి అని అడగండి. పల్లెటూరి సుషి. అన్నంలో యుజు రసం కలిపి, మీద చేప బదులు వెదురు మొలక, కొన్న్యాకు అనే దుంప జెల్లీ, పుట్టగొడుగు, మియోగా అనే అల్లం జాతి మొగ్గ పెడతారు. ర్యూక్యూ అనే చామ జాతి కాడ కూడా పెడతారు. చామ కాడలను సుషి చేసుకున్న ఊరు ఇంకొకటి ఉందా అంటే నాకు తెలిసి లేదు. కొండ పల్లెలకు సముద్రపు చేప అందని రోజుల్లో పండగ పూట చేసుకున్న వంట అది. కొన్ని ముక్కలను దాషిలో ఉడికిస్తారు కాబట్టి మీ కాగితం అక్కడా చూపించండి. మియోగా లాంటివి ఉత్త వెనిగర్‌లో ఊరినవి దొరుకుతాయి. సంతలో కనబడే వేడి చిలగడదుంప తెంపురా పిండిలో గుడ్డు కలుపుతారు, అత్తగారికి కాల్చిన దుంప చూడండి.

అదే ఊళ్ళో సంతకు దగ్గర్లో హిరోమె బజారు ఉంది. మధ్యలో బల్లలు, చుట్టూ చిన్న చిన్న కొట్లు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, తెలియనివాళ్ళ పక్కనే కూర్చోవాలి. కొట్లో గడ్డి పోచలు గుత్తిగా వేసి మంట లేపుతారు, మనిషెత్తు లేస్తుంది. ఆ మంటలో కట్సువో అనే ట్యూనా జాతి చేప ముక్కను కాసేపు తిప్పి తీస్తారు. పైపొర కాలి గడ్డి పొగ వాసన పడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. వేలి మందం ముక్కలు కోసి, ఉప్పు చల్లి, పచ్చి వెల్లుల్లి రేకులతో ఇస్తారు. ఇది కట్సువో తతాకి. వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి ఈ చేప ఆ తీరానికి వస్తుంది. తిరుగు ప్రయాణంలో కొవ్వు పట్టి ఉంటుంది. నవంబరు మొదటి రోజులు దాటితే తాజాది తగ్గిపోతుంది కాబట్టి వీలైతే ప్రయాణం ఆ నెల మొదట్లోనే పెట్టుకోండి. పచ్చి చేప అంటే మీకు జంకుంటే మొదలుపెట్టడానికి ఇదే మంచి చోటు. పొగ, ఉప్పు, వెల్లుల్లి మూడూ మన నోటికి పరిచయమైనవే. అత్తగారు అదే బల్ల దగ్గర సంతలో కొన్న పండ్లూ సుషీ పెట్టుకుని కూర్చోవచ్చా అంటే, సాధారణంగా బయటి తిండి తెచ్చి తినకూడదు. కొట్లలోనే ఆవిడ కోసం పండ్ల రసమో యుజు సోడానో కొనండి, ఇబ్బంది ఉండదు.

హిరోషిమా గురించి క్లుప్తంగా. అక్కడి ఒకోనోమియాకి ఒసాకాది కాదు. ఒసాకాలో అన్నీ పిండిలో కలిపి అట్టు పోస్తారు. హిరోషిమాలో పలచటి అట్టు మీద గుట్టగా క్యాబేజీ, మొలకలు, పంది మాంసం రేకులు, వేయించిన నూడుల్స్, గుడ్డు పొరలు పొరలుగా పేర్చి, ఎదురుగా పెనం మీదే చిన్న అట్లకాడతో కోసుకుని తింటారు. యుద్ధం తర్వాత అమెరికా సాయంగా వచ్చిన గోధుమ పిండితో కడుపు నింపుకున్న ఊరు కనిపెట్టిన తిండి ఇది. "బుతానికు నుకి" అంటే పంది లేకుండా చేస్తారు, బదులు రొయ్యలో స్క్విడ్డో వేయించుకోండి. కానీ పెనం ఒక్కటే, సాస్‌లో మాంసం సారం ఉండొచ్చు. ఆ పట్టింపు ఉంటే మానెయ్యండి, బాధపడాల్సిన పని లేదు. మియాజిమా దీవికి పడవ ఎక్కే రేవు దగ్గర అనాగో మేషి దొరుకుతుంది. మలుగు లాంటి పొడవాటి సముద్రపు చేపను కాల్చి, దాని ఎముకల రసంతో వండిన అన్నం మీద పరుస్తారు. రైలు ప్రయాణికుల డబ్బాగా 1901లో మొదలైంది. చల్లారాక ఇంకా బాగుంటుంది, డబ్బాలో కొనుక్కుని రైల్లో తినండి. హిరోషిమాలో అత్తగారికి బయట తిండి దొరకడం కష్టం. ముందే ఒప్పేసుకుని సూపర్‌మార్కెట్‌కు వెళ్ళండి. మైక్రోవేవ్‌లో పెట్టుకునే ఉత్త అన్నం ప్యాకెట్లు, తీపి లేని పెరుగు, తాజా తోఫు, వేడిగా కాల్చి అమ్మే చిలగడదుంపలు, పక్కనున్న ఎహిమె నుంచి వచ్చే కమలాలు, అన్నీ ఉంటాయి. మీరు పులిహోర పేస్టు తీసుకెళ్ళండి.

సూపర్‌మార్కెట్ అన్నానని చిన్నచూపు వద్దు. ఊరి తిండి తెలుసుకోవడానికి దానికి మించిన చోటు లేదు. చేపల వరస, ఊరగాయల వరస, వండి పెట్టిన కూరల వరస ఊరు మారితే మారిపోతాయి. రాత్రి మూసే ముందు సగం ధర స్టిక్కర్లు కూడా అంటిస్తారు. అలాగే జపాన్ వ్యవసాయ శాఖ 2007లో పల్లె వంటలను జిల్లాల వారీగా ఎంపిక చేసింది. కగావాకు ఉదోన్, కోచికి కట్సువో తతాకి, హిరోషిమాకు అనాగో అన్నం, ఆల్చిప్పల మిసో కుండ. హోటళ్ళ పేర్ల బదులు ఈ వంటల పేర్లు రాసుకోండి. ఊళ్ళో దిగాక ఎక్కడ బాగుంటుందో స్టేషన్‌లోని సమాచార కేంద్రంలో అడగండి. జపాన్‌వాళ్ళు వాడే తాబెలోగ్ యాప్‌లో మార్కులు చూస్తే 3.5 వచ్చిందంటే చాలా బాగున్నట్టు. 3.2 చూసి దండగ అనుకోకండి, వాళ్ళు మనలా ఐదుకు ఐదు వెయ్యరు.

మధ్యాహ్నాన్ని ముఖ్య భోజనంగా పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, అదే వంట రాత్రి కన్నా చవగ్గా వస్తుంది. రెండు దాటితే చాలా చోట్ల ఆర్డర్ తీసుకోరు. రాత్రి ఇజకాయా (మందుతోపాటు చిరుతిళ్ళు పెట్టే కొట్టు) లాంటి చోట కూర్చుంటే అడక్కుండానే చిన్న గిన్నె ఒకటి వస్తుంది, దానికి తలా కొన్ని వందల యెన్లు బిల్లులో పడతాయి. మోసం కాదు, అక్కడి పద్ధతి. టిప్పు ఇవ్వబోకండి, వెనక్కి తెచ్చి ఇస్తారు. సంతలకూ చిన్న కొట్లకూ నోట్లూ చిల్లరా దగ్గరుంచుకోండి.

ఈ వారమే చేయాల్సింది కోయసాన్ గది బుక్ చేయడం, ఒక సోమవారానికి. ఆ తేదీని బట్టి ఆదివారం కోచిలో పడేలా మిగతా రోజులు సర్దుకోండి. హోటళ్ళలో పడకలు తప్ప భోజనాలేవీ బుక్ చేయకండి. సామాన్లలో ఆవకాయ సీసా పెట్టుకోండి, గదిలో తినండి, రెస్టారెంట్లో తెరవకండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసంతో చేసింది ఏదైనా జపాన్ ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు కూడా పెట్టకండి, మన దేశం నుంచి దానికీ అనుమతి లేదు.